థర్మోకోల్ రెక్కల కోత – మూడవ పాఠం: వేడితీగ, దాని రెండు చివరలు

గత పాఠం చదివి వేడితీగ విల్లు (కరెంటుతో వేడెక్కి థర్మోకోల్‌ను కోసే తీగ బిగించిన చట్రం) కట్టుకున్నవారిలో చాలామందికి బొమ్మ విమానం రెక్క రాలేదు. ఈ పాఠంలో సన్‌మైకా మూసలు పెట్టి రెక్క ఆకారం కోయడం చెబుతానని మాట ఇచ్చాను. తీగ కుదురుగా వేడెక్కనప్పుడు మూసలు చేతికిచ్చి ప్రయోజనం లేదు కనుక ఆ మాటను వచ్చే పాఠానికి వాయిదా వేస్తున్నాను.

ముందుగా నా తప్పు ఒప్పుకుంటాను. అరవై సెంటీమీటర్ల తీగ, పన్నెండు వోల్టుల బ్యాటరీ అని చెప్పానే గాని, ఆ రెంటికీ ఉన్న లంకె చెప్పలేదు. విజయవాడ పటమటలో ఉండే ఒక ఇంజనీరింగ్ విద్యార్థి తన వద్ద చిన్న పలకే ఉందని తీగను సగానికి కత్తిరించి, అదే బ్యాటరీకి తగిలించాడు. తీగ క్షణాల్లో నిప్పుకణికలా ఎర్రబడి, పలకను తాకకముందే తెగిపోయింది. తీగ పొట్టిదైతే వేడి తగ్గుతుందని అతడు అనుకున్నాడు. జరిగేది అందుకు పూర్తిగా విరుద్ధం. మనం వాడుతున్న 28 గేజి (బ్రిటిష్ ఎస్‌డబ్ల్యూజీ కొలత) నైక్రోమ్, అంటే నికెల్, క్రోమియంల మిశ్రమలోహపు తీగ మీటరుకు దాదాపు 9.8 ఓమ్‌ల నిరోధం కలది. అరవై సెంటీమీటర్లకు 5.9 ఓమ్‌లు; పన్నెండు వోల్టుల కింద రెండు ఆంపియర్లు పారి, మొత్తం 24 వాట్లు, అంటే సెంటీమీటరుకు 0.4 వాటు వెలువడుతుంది. తీగను సగం చేస్తే నిరోధం సగమవుతుంది, కరెంటు రెట్టింపవుతుంది, మొత్తం వాట్లు రెట్టింపవుతాయి. ఆ రెట్టింపు వాట్లు సగం పొడవులోనే ఖర్చు కావాలి కనుక సెంటీమీటరుకు 1.6 వాట్లు, అంటే నాలుగింతలు పడుతుంది. పొట్టి తీగే కావాలనుకుంటే వోల్టులను కూడా అదే పాళ్లలో తగ్గించండి: ముప్పై సెంటీమీటర్లకు ఆరు వోల్టులు.

తగ్గించడానికి ఇంట్లోని ఫ్యాను రెగ్యులేటరు వాడవచ్చునా అని ఇద్దరు అడిగారు. వాడరాదు. అది 230 వోల్టుల లైనుతో నేరుగా కలిసి ఉంటుంది. మీరు చేత్తో పట్టుకునే విల్లుకు ఏ తొడుగూ లేదు. డీసీ మోటార్లకు వాడే పీడబ్ల్యూఎం కంట్రోలరు (కరెంటును వేగంగా ఆపుతూ వదులుతూ సగటును తగ్గించే పరికరం) తెచ్చుకోండి. నేను మాత్రం యూపీఎస్‌లో వాడే పన్నెండు వోల్టుల, ఏడు ఆంపియర్-అవర్ బ్యాటరీ పెట్టుకొని, తీగ పొడవుతోనే సరిపెట్టుకుంటాను. బ్యాటరీ ధన ధ్రువం పక్కనే ఐదు ఆంపియర్ల ఫ్యూజు ఉండి తీరాలి.

ఇక అసలు సంగతి. గుంటూరు బ్రాడీపేట నుంచి ఒక ఉపాధ్యాయుడు పంపిన ఫొటోలో, రాగి వైరును నైక్రోమ్ తీగకు మెలిపెట్టి, ఆ మెలిక మీద గోళీకాయంత టంకం ముద్ద పోసి ఉంది. తీగ నడుమ గోరువెచ్చగా ఉండి, చివర ప్లాస్టిక్ పిడి మాత్రం కరిగిపోయిందని ఆయన రాశారు. ఇటువంటి ఫొటోలు నాకు వచ్చిన వాటిలో సగానికి పైగా ఉన్నాయి. మెలిపెట్టవద్దని, టంకం పోయవద్దని గత పాఠంలో ఒక వాక్యం రాశాను. ఒక వాక్యంతో పోయే అలవాటు కాదని ఇప్పుడు అర్థమైంది.

నైక్రోమ్‌లోని క్రోమియం గాలి తగిలినంతనే పైన పలుచని ఆక్సైడు పొర కడుతుంది. తీగ వేడిలో కూడా తినుకుపోకుండా కాపాడేది ఆ పొరే. మామూలు సోల్డరింగ్ పేస్టుకు ఆ పొర లొంగదు కనుక టంకం తీగకు అంటదు. తామరాకు మీద నీటిబొట్టులా పైన కూర్చుంటుంది. చల్లగా ఉన్నప్పుడు గట్టిగా పట్టినట్లే కనిపిస్తుంది. కరెంటు పారినప్పుడు లోపల తీగకూ ముద్దకూ నడుమ ఉన్న సందు వేడెక్కుతుంది, టంకం మెత్తబడుతుంది, సందు ఇంకా పెరుగుతుంది, ఇంకా వేడెక్కుతుంది. వట్టి మెలిక కథ కూడా అంతే. అక్కడ టంకానికి బదులు రాగి నల్లబడుతుంది. రెండు ఆంపియర్లు పారేటప్పుడు ఒక అతుకు దగ్గర ఒక వోల్టు పోయిందంటే, బఠాణీ గింజంత చోట రెండు వాట్లు కాలుతున్నాయన్నమాట. అదే రెండు వాట్లను పంచుకోవడానికి మంచి తీగకు ఐదు సెంటీమీటర్ల పొడవు కావాలి. పిడి కరగడంలో వింత ఏముంది?

ఈ అతుకును ఓమ్‌ల మీటరుతో పరీక్షించాలని చూడకండి. మామూలు మల్టీమీటరులో రెండు ప్రోబులను ఒకదానికొకటి తాకించినా 0.2 నుంచి 0.5 ఓమ్ వరకు చూపిస్తుంది. మీరు వెదికే దోషం అంతకంటే చిన్నది కావచ్చు. కరెంటు పారుతూ ఉండగా మీటరును మిల్లీవోల్టులలో పెట్టి, ఒక ప్రోబును రాగి మీద, రెండవదాన్ని నైక్రోమ్ మీద ఉంచండి. ఇక్కడ కూడా ఒక చిక్కు ఉంది: అతుకు నుంచి కోతవైపు ఒక్క మిల్లీమీటరు దూరం జరిగినా ఆ తీగముక్కలో పోయే ఇరవై మిల్లీవోల్టులు మీ లెక్కలో కలిసిపోతాయి. అందుకే నేను నైక్రోమ్ తీగ కొసను స్క్రూ దాటి ఒక సెంటీమీటరు బయటికి వదులుతాను. ఆ తోకలో కరెంటు పారదు కనుక వోల్టు పడిపోదు; తోకను ఎక్కడ తాకినా అతుకు దగ్గరి విలువే వస్తుంది. ఇరవై మిల్లీవోల్టులలోపు వస్తే అతుకు మంచిది. వంద దాటితే విప్పి మళ్లీ బిగించండి.

బిగించే తీరు ఇది. నాలుగు మిల్లీమీటర్ల ఇత్తడి స్క్రూ, రెండు ఇత్తడి వాషర్లు, ఒక స్ప్రింగు వాషరు, నట్టు తీసుకోండి. తీగ చివరను గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్ది, రెండు వాషర్ల నడుమ గడియారం ముల్లు తిరిగే దిక్కుగా ఒక చుట్టు చుట్టండి. ఎదురు దిక్కుగా చుడితే నట్టు బిగిసేకొద్దీ తీగ బయటికి జారుతుంది. రాగి వైరును లగ్గుతో (వైరు చివర బిగించే, రంధ్రమున్న లోహపు బిళ్లతో) అదే స్క్రూకు వేరే వాషరు మీద పెట్టండి. స్క్రూ దిగే చోట ప్లాస్టిక్ వద్దు, కర్రే ఉండాలి.

తీగ సడలి రెక్క మధ్యలో గుంట పడిందన్నవారికి ఒక మాట. అరవై సెంటీమీటర్ల నైక్రోమ్ 250 డిగ్రీలు పైకి వేడెక్కితే దాదాపు రెండు మిల్లీమీటర్లు సాగుతుంది. ఇనుప చట్రం వాడితే ఆ సాగుడును లాగిపట్టే స్ప్రింగు తప్పదు. నాకు మాత్రం వెదురు బద్దే ఇష్టం, వంచితే అదే స్ప్రింగు. చల్లగా ఉండగా తీగను ఒకసారి మీటి వినండి, వేడెక్కాక కర్రపుల్లతో మరోసారి మీటండి. శ్రుతి బాగా దిగిపోతే బద్ద చాలినంత వంగలేదని అర్థం.

వేడి చాలిందో లేదో థర్మామీటరుతో పని లేకుండా తెలుస్తుంది. వన్‌టౌన్‌లో పెళ్లి మండపాలకు థర్మోకోల్ అక్షరాలు కోసే ఒక పనివాడిని చూసి నేను నేర్చుకున్నది ఇదొక్కటే: కోసిన ముక్కలను విడదీసినప్పుడు వాటి నడుమ వెంట్రుకల్లాంటి సన్నని పోగులు సాగితే వేడి సరిగ్గా ఉన్నట్లు. పోగులు లేకుండా కోత వెడల్పై గుంటలు పడితే వేడి ఎక్కువ. తీగ వెనక్కు వంగి పలకను ఈడుస్తుంటే వేడి తక్కువ, లేదా మీ చేతిది తొందర. కిటికీలు తెరిచి కోయండి, ఆ పొగ పీల్చేది కాదు. అయితే ఫ్యాను గాలి తీగకు తగలనివ్వకండి; సాయంత్రం కృష్ణా నది మీదుగా వచ్చే గాలికి డాబా మీద కోసి, వేడి చాలడం లేదని వోల్టులు పెంచిన వాడిని నేనూ ఒకడిని.

అభ్యాసం. అరవై సెంటీమీటర్ల పొడవు, పది సెంటీమీటర్ల వెడల్పు గల దిమ్మె నుంచి ఐదు మిల్లీమీటర్ల మందాన పది పలకలు కోయండి. ఒక్కొక్క పలకను రెండు చివరలా, నడుమా వెర్నియర్‌తో కొలిచి, ముప్పై కొలతలూ నోటుపుస్తకంలో రాయండి. ఏ రెంటికీ తేడా అర మిల్లీమీటరు దాటకూడదు. మొదటి పలకకు ముందు, పదవ పలక తరువాత రెండు అతుకుల మిల్లీవోల్టులు కూడా రాయండి. రెండవసారి విలువ రెట్టింపైతే స్క్రూ విప్పి, తీగ చివర మళ్లీ రుద్ది, పది పలకలూ మొదటి నుంచి కోయండి.