ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో సర్వీస్ ప్యాక్ ఇన్‌స్టాలేషన్ విఫలమైతే ఎలా సరిచేయాలి?

మైక్రోసాఫ్ట్ డేటాబేస్ సాఫ్ట్‌వేర్ అయిన ఎస్‌క్యూఎల్ సర్వర్‌కు సర్వీస్ ప్యాక్ (సవరణలన్నీ కలిపిన పెద్ద అప్‌డేట్) వేస్తున్నప్పుడు, ఇన్‌స్టాలేషన్ విఫలమైందని తెర మీద కనబడగానే చాలామంది సెటప్‌ను మళ్లీ నడుపుతారు. దయచేసి ఆ పని చేయకండి. కారణం తెలియకుండా నడిపితే ఆగిన చోటే మళ్లీ ఆగుతుంది, మరమ్మతు కోసం అడిగి తీసుకున్న సమయం కాస్తా కరిగిపోతుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్ 2017 నుంచి సర్వీస్ ప్యాక్‌లకు బదులు క్యుములేటివ్ అప్‌డేట్లు (అప్పటివరకు వచ్చిన సవరణలన్నీ కలిపినవి) వస్తున్నాయి. అవి విఫలమైనా ఇదే పద్ధతి పనికొస్తుంది.

1. ఏ దశలో ఆగిందో తేల్చుకోండి

సెటప్ ముందు ప్రోగ్రామ్ ఫైళ్లను మారుస్తుంది. ఆ తర్వాత డేటాబేస్ ఇంజిన్ మొదలైనప్పుడు మాస్టర్, ఎంఎస్‌డీబీ వంటి సిస్టమ్ డేటాబేస్‌ల (సర్వర్ తన సొంత వివరాలు దాచుకునేవి) మీద అప్‌గ్రేడ్ స్క్రిప్టులు నడుస్తాయి. సర్వర్‌కు కనెక్ట్ కాగలిగి, వెర్షన్ నంబరు పాతదే కనిపిస్తే లోపం ఫైళ్ల దగ్గరే ఉంది. సర్వీసు మొదలైన కాసేపటికే ఆగిపోతుంటే స్క్రిప్టులను అనుమానించాలి. లాగిన్‌కు 18401 ఎర్రర్ వస్తే మాత్రం స్క్రిప్టులు ఇంకా నడుస్తున్నాయని అర్థం. అప్పుడు సర్వీసును బలవంతంగా ఆపకుండా ఓపిక పట్టండి.

2. లాగ్ చదవండి

ప్రోగ్రామ్ ఫైల్స్‌లోని మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్ ఫోల్డర్‌లో మీ వెర్షన్ నంబరు (2012కి 110, 2014కి 120, 2016కి 130) తెరిస్తే సెటప్ బూట్‌స్ట్రాప్, దానిలో లాగ్ ఫోల్డర్ ఉంటాయి. ప్రతి ప్రయత్నానికీ తేదీ, సమయంతో ఒక ఫోల్డర్ తయారవుతుంది. సమ్మరీ ఫైల్‌లో ఏ భాగం విఫలమైందో చూసి, ఆ భాగానికి చెందిన ఇన్‌స్టాలర్ లాగ్‌లో ‘రిటర్న్ వాల్యూ 3’ అన్న మాట కోసం వెతకండి. అది మొదటిసారి కనిపించిన చోటికి పైనున్న కొద్ది వరుసల్లోనే అసలు కారణం దొరుకుతుంది. చివర్లో కనిపించే ఎర్రర్ చాలాసార్లు దాని పర్యవసానం మాత్రమే.

3. ఫైళ్ల దగ్గర ఆగితే

విండోస్ రీస్టార్ట్ పెండింగ్‌లో ఉంటే ముందు అది పూర్తి చేయండి. 1612, 1635, 1636 వంటి ఎర్రర్లు వస్తే విండోస్ ఫోల్డర్‌లోని ఇన్‌స్టాలర్ ఫోల్డర్‌ను చూడండి. డిస్కు నిండిందని ఎవరో అందులోని ఫైళ్లను తొలగించి ఉండవచ్చు. అక్కడి పేర్లు ఒక్కో మెషీన్‌లో ఒక్కోలా ఉంటాయి కాబట్టి పేరు చూసి మరో సర్వర్ నుంచి కాపీ చేస్తే లాభం లేదు. మైక్రోసాఫ్ట్ ఇచ్చే ‘ఫైండ్ ఎస్‌క్యూఎల్ ఇన్‌స్టాల్స్’ స్క్రిప్టు ఏ ఫైల్ లేదో, అది ఏ పేరుతో ఉండాలో చెబుతుంది. మొదట వాడిన ఇన్‌స్టాలేషన్ మీడియా, పాత ప్యాచ్‌లు చేతిలో ఉంటే వాటి నుంచి తిరిగి పెట్టవచ్చు.

4. స్క్రిప్టుల దగ్గర ఆగితే

ఎక్కువ మంది బెదిరిపోయేది ఇక్కడే. ఎస్‌క్యూఎల్ సర్వర్ సొంత ఎర్రర్ లాగ్‌లో (ఇది సెటప్ లాగ్ కాదు) 3417 ఎర్రర్ కనిపిస్తుంది, మాస్టర్ డేటాబేస్‌ను రిస్టోర్ చేయమనో, పునర్నిర్మించమనో చెబుతుంది. ఆ మాట నమ్మి వెంటనే రంగంలోకి దిగకండి. దానికి పైన 912 ఎర్రర్ ఉందేమో చూడండి. ఏ స్క్రిప్టు, ఏ ఎర్రర్ నంబరుతో ఆగిందో అందులో ఉంటుంది. ఆ నంబరే మీకు కావలసింది.

తరచూ ఎదురయ్యే ఉదాహరణ ఒకటి చెబుతాను. డేటా ఫైళ్ల డిఫాల్ట్ చోటుగా నమోదైన డ్రైవ్‌ను ఎప్పుడో తీసేసి ఉంటారు. స్క్రిప్టు అక్కడ తాత్కాలిక డేటాబేస్ సృష్టించబోయి, ఫోల్డర్ లేక 5133 ఎర్రర్‌తో ఆగిపోతుంది. మాస్టర్‌కు ఏమీ కాలేదు, పోయింది ఒక ఫోల్డర్ మాత్రమే!

సరిచేయడానికి కాన్ఫిగరేషన్ మేనేజర్‌లో స్టార్టప్ పారామీటర్‌గా 902 ట్రేస్ ఫ్లాగ్ (సర్వర్ ప్రవర్తనను మార్చే స్విచ్) చేర్చి సర్వీసు మొదలుపెట్టండి. స్క్రిప్టులు నడవకుండానే సర్వర్ లేస్తుంది. ముందుగా సిస్టమ్ డేటాబేస్‌ల బ్యాకప్ తీసుకోండి. తర్వాత సర్వర్ ప్రాపర్టీస్‌లో డిఫాల్ట్ చోటును సరైన ఫోల్డర్‌కు మార్చండి. ఇప్పుడు 902ను తీసేసి రీస్టార్ట్ చేయండి. దాన్ని అలాగే వదిలేస్తే అప్‌గ్రేడ్ ఎప్పటికీ పూర్తికాదు.

5. అప్పుడే మళ్లీ నడపండి

స్క్రిప్టులు పూర్తయి, సర్వీసు నిలబడ్డాక, సమ్మరీలో ఏదైనా భాగం విఫలమైనట్టు మిగిలి ఉంటేనే సెటప్‌ను తిరిగి నడపండి. చివరగా వెర్షన్ నంబరు ఆ సర్వీస్ ప్యాక్ నంబరుతో సరిపోయిందో లేదో, ఏజెంట్ జాబ్‌లు (నిర్ణీత సమయానికి వాటంతటవే నడిచే పనులు) నడుస్తున్నాయో లేదో చూసుకున్నాకే సర్వర్‌ను వాడేవారికి అప్పగించండి.