మౌస్ లేకుండా థండర్‌బర్డ్: కీబోర్డు దారి తప్పితే ఏం చేయాలి?

మిర్యాలగూడలోని ఒక రైస్ మిల్లులో లెక్కలు చూసే పెద్దాయన కిందటి యాసంగి ధాన్యం దిగుతున్న రోజులలో నాకు ఫోన్ చేశారు. ఊక దుమ్ముకు మౌస్ పనిచేయడం మానేసిందని, థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రాములో కీబోర్డుతోనే మెయిళ్లు చూసుకుందామంటే తాను నొక్కేది ఒకటి, జరిగేది మరొకటి అవుతోందని ఆయన బాధ. వెళ్లి చూస్తే కీబోర్డులో లోపమేమీ లేదు. జవాబు రాసే కిటికీ తెరుచుకుందనుకొని ఆయన ఇంగ్లీషు అక్షరాలు కొడుతూ పోయారు. కానీ ఆ కిటికీ తెరుచుకోనే లేదు కాబట్టి ఆ అక్షరాలన్నీ మెయిళ్ల జాబితా మీద ఆజ్ఞలుగా పడ్డాయి. 'ఎ' కొట్టగానే ఒక మెయిలు పాతవాటిని దాచే ఆర్కైవ్స్ ఫోల్డరులోకి వెళ్లింది, 'జె' కొట్టగానే మరొక వ్యాపారి పంపిన మెయిలుకు జంక్, అంటే అక్కరలేని మెయిలు, అన్న గుర్తు పడింది. కీబోర్డుతో ఎదురయ్యే ఇబ్బందులలో చాలా వాటికి మూలం ఇదేనని నా అనుభవం: కీ నొక్కే ముందు ఫోకస్ ఎక్కడుందో మనం చూసుకోము.

ఫోకస్ అంటే ఆ క్షణంలో మన కీబోర్డు మాట వినే చోటు. థండర్‌బర్డ్ ప్రధాన కిటికీలో ఫోల్డర్ల పట్టిక, మెయిళ్ల జాబితా, మెయిలు చదివే భాగం అని మూడు ముఖ్యమైన చోట్లు ఉంటాయి. ఒకదాని నుంచి మరొకదానికి వెళ్లడానికి ఎఫ్6, వెనక్కి రావడానికి షిఫ్ట్ పట్టుకొని ఎఫ్6 నొక్కాలి. ట్యాబ్ కీతో కూడా తిరగవచ్చు గాని, అది దారిలో ఉన్న ప్రతి బటన్ దగ్గరా ఆగుతుంది కనుక దూరం ఎక్కువ. ఎక్కడున్నామో తెలియకపోతే అక్షరాలు కొట్టి పరీక్షించకండి. కింది బాణం కీ ఒక్కసారి నొక్కి ఏది కదిలిందో చూడండి. జాబితాలో ఫోకస్ ఉన్నప్పుడు ఎంపికైన వరుస ముదురు రంగులో, లేనప్పుడు వెలిసిన రంగులో కనిపించడం కూడా ఒక గుర్తు.

ఎఫ్6 నొక్కితే ఫోకస్ మారకుండా తెర వెలుతురో, శబ్దమో మారితే అది థండర్‌బర్డ్ తప్పు కాదు. చాలా ల్యాప్‌టాప్‌లలో పై వరుస కీలకు మొదట ఆ పనులే అప్పగించి ఉంటారు. అప్పుడు ఎఫ్ఎన్ కీని పట్టుకొని ఎఫ్6 నొక్కాలి.

జాబితాలో ఫోకస్ ఉన్నప్పుడు ఒక్క అక్షరంతో జరిగే పనులు చాలా ఉన్నాయి: 'ఎఫ్' తరువాతి మెయిలుకు, 'బి' ముందటి మెయిలుకు, 'ఎన్' ఇంకా చదవని తరువాతి మెయిలుకు తీసుకుపోతాయి, 'ఎం' చదివిన గుర్తును మారుస్తుంది, 'ఎస్' నక్షత్రం పెడుతుంది. వీటి వల్ల ఎంత సౌకర్యమో, ఏమరుపాటులో అంత నష్టం. పొరపాటు జరిగిన వెంటనే మరే కీ ముట్టకుండా కంట్రోల్, జెడ్ కలిపి నొక్కితే పోయిన మెయిలు తిరిగి వస్తుంది. ఆలస్యమైతే ఆర్కైవ్స్ ఫోల్డరు తెరిచి వెతకాలి. జంక్ అయినదాన్ని ఎంచుకొని షిఫ్ట్, జె కలిపి నొక్కితే ఆ గుర్తు తొలగిపోతుంది. షిఫ్ట్ పట్టుకొని డిలీట్ నొక్కడం మాత్రం అలవాటు చేసుకోకండి, ఎందుకంటే ఆ మెయిలు చెత్తబుట్టలోకి కాక నేరుగా చెరిగిపోతుంది.

తెలుగులో టైపు చేసే మనకు మరొక చిక్కు ఉంది. ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డు అమరిక పెట్టుకొని తెలుగులో మెయిలు రాసి, జాబితాకు తిరిగి వచ్చి 'ఎన్' నొక్కితే ఏమీ జరగదు, ఎందుకంటే అప్పటికి ఆ కీ 'ల' అక్షరాన్ని పంపుతోంది. 'బి' కీ 'వ'ను, 'ఎం' కీ 'స'ను పంపుతాయి. ప్రోగ్రాము పాడైందనుకొని తీసేసి మళ్లీ ఎక్కించిన వారిని నేను ఎరుగుదును. విండోస్ కీ, స్పేస్ కలిపి నొక్కి ఇంగ్లీషు కీబోర్డుకు మారితే చాలు.

చూపు లేనివారికి ఈ గందరగోళం రెట్టింపు. మహబూబ్‌నగర్‌లోని నా మిత్రుడొకరు ఎన్‌వీడీఏ వాడతారు. 2006లో ఆస్ట్రేలియాలో మొదలైన ఈ తెర చదివే ప్రోగ్రాము ఉచితంగా దొరుకుతుంది. మెయిలు చదివే భాగంలో ఉన్నప్పుడు ఎన్‌వీడీఏ తన బ్రౌజ్ మోడ్‌లోకి వెళ్లి, అక్షరాలను థండర్‌బర్డ్‌కు అందనివ్వక తానే తీసుకుంటుంది. అందువల్ల 'బి' నొక్కితే ముందటి మెయిలు రాదు, ఎన్‌వీడీఏ బటన్ కోసం వెతుకుతుంది. 'ఎఫ్' నొక్కితే నింపవలసిన గడి కోసం వెతుకుతుంది. ఎఫ్6తో జాబితాకు తిరిగి వచ్చి ఆ అక్షరాలు నొక్కడం అన్నిటికంటే నమ్మకమైన దారి. ఎక్కడున్నారో తెలియనప్పుడు ఇన్సర్ట్, ట్యాబ్ కలిపి నొక్కితే ఫోకస్ ఉన్న చోటును ఎన్‌వీడీఏ చదివి వినిపిస్తుంది. ఏ అక్షరం నొక్కే ముందైనా ఈ రెండు కీలు నొక్కడం ఆయనకు అలవాటైపోయింది, ఆ అలవాటును చూపున్నవారికి కూడా నేను నేర్పుతున్నాను.

కొత్త మెయిలుకు కంట్రోల్, ఎన్. జవాబుకు కంట్రోల్, ఆర్. రాసే కిటికీ తెరుచుకున్నాక చిరునామా కొట్టి ఎంటర్ నొక్కితే అది ఒక చిన్న బిళ్లగా మారుతుంది, ఆ తరువాత అందులో తప్పు దిద్దలేక చాలామంది మొత్తం చెరిపి మళ్లీ రాస్తారు. అంత శ్రమ అక్కరలేదు: ఎడమ బాణంతో ఆ బిళ్ల మీదికి వెళ్లి ఎఫ్2 నొక్కితే దిద్దుకోవచ్చు. కాపీ పంపవలసిన వారి కోసం కంట్రోల్, షిఫ్ట్, సి కలిపి నొక్కితే వేరొక గడి తెరుచుకుంటుంది. ఉత్తరం రాసే చోట ట్యాబ్ నొక్కితే బయటికి రాలేము, అక్షరాల మధ్య ఖాళీ మాత్రమే పెరుగుతుంది. అక్కడి నుంచి విషయం గడికి, చిరునామాలకు వెళ్లడానికి కూడా ఎఫ్6, షిఫ్ట్ ఎఫ్6లే దారి.

మెయిళ్లన్నీ పోయాయని కంగారుపడే సందర్భం ఒకటి ఉంది. కంట్రోల్, షిఫ్ట్, కె నొక్కితే తెరుచుకునే, మెయిళ్లను వడపోసే క్విక్ ఫిల్టర్‌లో ఏదో ఒక మాట మిగిలిపోతే, ఆ మాట ఉన్న మెయిళ్లే జాబితాలో కనిపిస్తాయి. మళ్లీ అవే కీలతో ఆ గడిలోకి వెళ్లి ఎస్కేప్ నొక్కండి. అలాగే ఎఫ్6 బదులు ఎఫ్7 మీద వేలు పడితే, చదివే భాగంలో కర్సరు పెట్టాలా అని ఒక ప్రశ్న వస్తుంది. పొరపాటున ఒప్పుకున్నా, మరోసారి ఎఫ్7 నొక్కితే పోతుంది.

రెండు మూడు కీలు ఒకేసారి పట్టలేని వారికి, చేతులు వణికే వారికి విండోస్‌లోని స్టిక్కీ కీస్ ఎంతో ఆసరా. షిఫ్ట్ కీని వరుసగా 5 సార్లు నొక్కితే దాన్ని వాడాలా అని అడుగుతుంది, ఒప్పుకుంటే కంట్రోల్ నొక్కి వదిలి, తరువాత ఎంటర్ నొక్కినా రెండూ కలిపి నొక్కినట్టే లెక్క. మిల్లు పెద్దాయన ఇప్పుడు మెయిళ్లు పంపేది ఇలాగే. కంట్రోల్, ఎంటర్‌తో పంపేటప్పుడు నిజంగా పంపమంటారా అని థండర్‌బర్డ్ ఒక ప్రశ్న అడుగుతుంది, మళ్లీ అడగవద్దని చెప్పే గడి కూడా అక్కడే ఉంటుంది. ఆ గడిలో టిక్కు పెట్టవద్దని ఆయనకు గట్టిగా చెప్పి వచ్చాను. బస్తాల లెక్కలో ఒక సున్నా ఎక్కువ పడిందని ఆ ప్రశ్న దగ్గర ఆగినప్పుడే ఆయన ఒకసారి గమనించారు.