పాత జావా, యెజ్డీలతో క్లబ్బు సవారీకి బయలుదేరే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

జావా, యెజ్డీ మోటారుసైకిళ్లను తయారుచేసిన మైసూరులోని ఐడియల్ జావా కర్మాగారం 1996లో మూతపడింది కనుక, మిగిలిన ప్రతి బండినీ ప్రాణంగా చూసుకోవాలి. ఏటా జూలై రెండో ఆదివారం జావా-యెజ్డీ దినోత్సవ సవారీ వానల్లోనే జరుగుతుంది కాబట్టి, తడిస్తే పట్టు తగ్గే డ్రమ్ము బ్రేకులను ముందురోజే పరీక్షించాలి.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఆయిలు. ఇవి టూ-స్ట్రోక్ ఇంజన్లు. పెట్రోలుతో కలిసి వెళ్లే ఆయిలు తప్ప పిస్టను రాపిడి తగ్గించడానికి వేరే ఆధారం లేదు. లీటరు పెట్రోలుకు సుమారు 40 మిల్లీలీటర్ల చొప్పున కొలిచి కలపాలి, దారిలో మళ్లీ పెట్రోలు పోయించుకున్నప్పుడు కలిపేందుకు సరిపడా ఆయిలు వెంట ఉంచుకోవాలి. పొడవైన దిగుడు దారిలో యాక్సిలరేటరు పూర్తిగా మూసి, గేరులోనే బండిని జారనిస్తే, ఇంజను వేగంగా తిరుగుతున్నా పెట్రోలుతో పాటు వెళ్లే ఆయిలు అందక పిస్టను బిగుసుకుని పట్టేసే ప్రమాదం ఉంది; అందువల్ల మధ్యమధ్యలో కాస్త యాక్సిలరేటరు ఇవ్వడం కొత్త సభ్యులకు తప్పక నేర్పాలి.

ఇథనాల్ కలిసిన పెట్రోలు పాత రబ్బరును పాడుచేస్తుంది కనుక, పెట్రోలు గొట్టం మెత్తబడినా, పగిలినా మార్చాలి. పైకి కొత్తగా కనిపించే టైరుకు కూడా వయసెంతో తెలుసుకోవడానికి, దాని మీద తయారీ వారం, సంవత్సరం తెలిపే నాలుగు అంకెలను చదవాలి. అదనపు స్పార్కుప్లగ్గు, క్లచ్ కేబులు, ఆరు వోల్టుల బల్బు దగ్గర ఉండాలి.

వింటేజ్ వాహనంగా నమోదై, నంబరులో 'వీఏ' అక్షరాలున్న బండిని ప్రదర్శన, ర్యాలీ వంటి అనుమతించిన అవసరాలకే నడపాలి. ఆర్‌సీ, బీమా పత్రాలు సరిచూడండి.