పండగ బేరాలకు ముందు మెయిల్ ఐడీ ఎవరికిస్తున్నారో చూసుకోండి

రథయాత్ర అయిపోతే చాలు, ఒడిశాలోని మన బరంపురం పెద్ద బజారులో పట్టు చీరల కొట్లవాళ్లు దసరా లెక్కలు మొదలుపెడతారు. ఇంట్లో అప్పడాలు, వడియాలు, ఊరగాయలు చేసి అమ్మే అక్కలదీ అదే హడావిడి. ఇప్పుడు వీళ్లలో చాలామందికి వాట్సాప్ బిజినెస్ ఉంది, ఇన్‌స్టాగ్రామ్ పేజీ ఉంది. పర్లాకిమిడిలో కొమ్ము బొమ్మలు అమ్మేవాళ్ల దగ్గర్నుంచి రాయగడలో కొత్తగా బట్టల కొట్టు పెట్టిన కుర్రాళ్ల దాకా, ఆన్‌లైన్ మార్కెటింగ్ కాస్త నేర్చుకుందామని కనబడిన ప్రతి న్యూస్‌లెటర్‌కీ (మెయిల్లో వచ్చే చిన్న పత్రిక) మెయిల్ ఐడీ ఇచ్చేస్తున్నారు. నేర్చుకోవడం మంచిదే. అయితే కోర్సులు, సాఫ్ట్‌వేర్లు అమ్మేవాళ్లకీ ఇదే సీజను. దసరా ఆఫరని మొదలై, నవంబరు నాలుగో గురువారం మర్నాడు అమెరికాలో వచ్చే బ్లాక్ ఫ్రైడే మీదుగా జనవరి ఒకటి దాకా వాళ్ల మెయిళ్లు ఆగవు. మీరు బేరాలు చూసుకోవాల్సిన నెలల్లో మీరే ఒకరికి బేరం కావడం ఎందుకు?

ముందు వాళ్ల గల్లాపెట్టె చూడండి

ఏ న్యూస్‌లెటర్ అయినా చేరేముందు ఒక్కటే అడగండి: ఇంత ఓపిగ్గా, ఉచితంగా రాస్తున్న ఈ మనిషికి డబ్బు ఎక్కణ్ణుంచి వస్తోంది? దీనికి జవాబు దొరికితే సగం ఏరివేత అయిపోయినట్టే.

కొందరు తమ సాఫ్ట్‌వేర్ అమ్ముకోవడానికి రాస్తారు. హబ్‌స్పాట్, అహ్రెఫ్స్, మెయిల్‌చింప్ లాంటి కంపెనీలు పంపేవి ఈ రకం. వీటిలో పాఠం బాగానే ఉంటుంది, దాచేది కూడా ఏమీ ఉండదు. కాకపోతే ఏ దారిన వెళ్లినా చివరికి వాళ్ల టూల్ దగ్గరే తేలతాం. పాఠం తీసుకోండి, టూల్ సంగతి సంక్రాంతి తర్వాత చూద్దురుగాని. నెలకు 49 డాలర్లంటే చూడ్డానికి చిన్న అంకె, మన రూపాయల్లో నాలుగు వేలు దాటుతుంది.

కొందరికి స్పాన్సర్ల ప్రకటనలే ఆదాయం. ఏది ప్రకటనో, ఏది రాతో విడివిడిగా కనిపిస్తే పేచీ లేదు. మరికొందరు మీ వెబ్‌సైటుకు ఫలానా హోస్టింగ్ (అది ఉండే చోటు) కొనండి, ఫలానా యాప్ వాడండి అని లింకులిస్తారు. ఆ లింకు మీద మీరు కొంటే వాళ్లకు కమీషన్ ముడుతుంది. అది తప్పేం కాదు, చెప్పకపోతేనే తప్పు. తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద మన కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ 2022లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా ఆ సంబంధాన్ని బయటపెట్టి తీరాలంటున్నాయి. "ఈ లింకు ద్వారా కొంటే నాకు కమీషన్ వస్తుంది" అని ముందే రాసినవాణ్ణి నేనైతే కాస్త ఎక్కువే నమ్ముతాను.

అసలు జాగ్రత్త నాలుగో రకంతో. వీళ్లు అమ్మేది కోర్సు. ఆ కోర్సు నేర్పేది "ఆన్‌లైన్‌లో లక్షలు సంపాదించడం". వాళ్ల సంపాదనకు రుజువేమిటంటే ఒక స్క్రీన్‌షాట్. ఆ స్క్రీన్‌షాట్‌లో డబ్బు ఎక్కణ్ణుంచి వచ్చిందయ్యా అంటే, అదే కోర్సు అమ్మగా వచ్చింది! ఒక చీరల కొట్టుకో, ఒక మెకానిక్ షెడ్డుకో, ఒక ట్యూషన్ సెంటరుకో బేరం పెంచి చూపించారా అని పాత సంచికలు వెతకండి. దొరకలేదంటే మీ మెయిల్ ఐడీ మీ దగ్గరే ఉంచుకోండి.

మెయిల్ ఐడీ, ఫోన్ నంబరు

బ్యాంకు, జీఎస్టీ, కొరియర్ ఖాతాలకు ఇచ్చిన మెయిల్‌ను వీటికి ఇవ్వొద్దు. సీజన్లో పార్సిల్ తిరిగొచ్చిందని కొరియర్ వాళ్లు పంపిన మెయిల్, "పది రహస్యాలు" అనే మెయిళ్ల కింద పడిపోతే నష్టం మీకే. కొత్త ఐడీ తెరవండి. బద్ధకమనిపిస్తే జీమెయిల్లో మీ పేరు తర్వాత, @ కంటే ముందు, కూడిక గుర్తు (+) పెట్టి ఏదో ఒక మాట చేర్చి ఇవ్వండి, ఆ మెయిళ్లూ మీ పాత ఇన్‌బాక్స్‌కే వస్తాయి. ఒక్కో న్యూస్‌లెటర్‌కు ఒక్కో మాట చేర్చి ఇచ్చారనుకోండి, ముక్కూమొహం తెలియనివాడు రేపు ఆ అడ్రసుకే రాస్తే మీ ఐడీ ఎవరి దగ్గర్నుంచి బయటికి పోయిందో ఇట్టే తెలిసిపోతుంది.

న్యూస్‌లెటర్ పంపడానికి ఫోన్ నంబరుతో పని లేదు. నంబరు తప్పనిసరి అన్న ఫారం కనబడితే అక్కడే ఆగిపోండి. నంబరిస్తే ముందు ఫోన్లు, తర్వాత "ఉచిత మాస్టర్‌క్లాస్" పేరుతో వాట్సాప్ గ్రూపు. కొన్ని గ్రూపుల్లో తర్వాత అడుగు వేరేగా ఉంటుంది: ఈ వీడియోకు లైక్ కొట్టండి, ఆ హోటలుకు రేటింగ్ ఇవ్వండి, డబ్బిస్తాం అంటారు. మొదట్లో నిజంగానే వందో రెండొందలో వేస్తారు. ఆ తర్వాత పెద్ద పని కావాలంటే డిపాజిట్ కట్టమంటారు. అది మార్కెటింగూ కాదు, పాఠమూ కాదు, మోసం. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే ఆ సొమ్మును దారిలో ఆపే వీలు అంత ఎక్కువ.

"ఇంకా 7 సీట్లే" మెయిల్‌ను విప్పి చూస్తే

పైన సబ్జెక్టులో "ఇంకా 7 సీట్లే" అని ఉంటుంది. తెరవగానే ఎర్ర అంకెలతో ఒక గడియారం వెనక్కి పరిగెడుతుంటుంది: రెండు గంటల నలభై నిమిషాలు, ముప్పై తొమ్మిది, ముప్పై ఎనిమిది. మెయిల్ మూసేసి సాయంత్రం మళ్లీ తెరవండి. ఆ గడియారం మళ్లీ రెండు గంటల నలభై నిమిషాల దగ్గరే మొదలైతే అది గడువు కాదు, మీరు తెరిచినప్పుడల్లా కొత్తగా తయారయ్యే బొమ్మ. అసలు రికార్డు చేసి పెట్టిన వీడియో క్లాసుకు సీట్లేమిటండీ? ఇంకాస్త కిందికి వెళ్తే రెండు బటన్లు. ఒకటి పెద్దగా "అవును, నా వ్యాపారం పెరగాలి". దాని కింద వెలిసిపోయిన రంగులో "వద్దు, నాకు ఎదుగుదల అక్కర్లేదు". కాదనేవాణ్ణి సిగ్గుపెట్టే ఎత్తు అది. దొంగ తొందర, ఈ సిగ్గుపెట్టడం, చందా ఉచ్చు, మూడూ 2023 నవంబరు 30న కేంద్ర ప్రభుత్వం నిషేధించిన 13 రకాల డార్క్ ప్యాటర్న్‌లలో, అంటే కొనేవాణ్ణి బోల్తా కొట్టించే ఎత్తుల్లో, ఉన్నవే.

చందా ఉచ్చు సంగతి ఇంకొంచెం చెప్పాలి, డబ్బు పోయేది అక్కడే గనక. ఒక్క రూపాయికి వారం ట్రయల్ అంటారు. ఆ రూపాయి కట్టేటప్పుడు మీరు ఒప్పుకునేది ఆటోపేకి, అంటే గడువు రాగానే డబ్బు దానంతటదే కోసుకునే ఏర్పాటుకి. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం అలా డబ్బు కోసే 24 గంటల ముందు మీకు కబురు రావాలి, వస్తుంది కూడా. కానీ 15,000 రూపాయల లోపు కోతలకు ప్రతిసారీ ఓటీపీ అడగరు. పండగ రద్దీలో ఆ మెసేజ్ ఎవరు చూస్తారు? అందుకని ట్రయల్ తీసుకున్న రోజే యూపీఐ యాప్‌లో ఆటోపే పేజీ తెరిచి, మీరిచ్చిన ఆ అనుమతిని (మ్యాండేట్) రద్దు చేసేయండి. కార్డు ఇచ్చి ఉంటే బ్యాంకు యాప్‌లో చూసుకోండి.

మన బజారుకు అతకని సలహాలు

మంచి న్యూస్‌లెటర్‌లోనూ మనకు పనికిరానిది చాలా ఉంటుంది, ఎందుకంటే అది రాసింది వాళ్ల బజారు కోసం. టిక్‌టాక్ మీద పేజీలకు పేజీలు రాస్తారు. మనకది 2020 జూన్ నుంచి లేనే లేదు. మంగళవారం పొద్దున పది గంటలకు మెయిల్ పంపమంటారు. ఆ పది న్యూయార్క్ పది, మనకు రాత్రి ఏడున్నరో ఎనిమిదిన్నరో అవుతుంది. ఒకే ఆఫర్‌ను రెండు రకాలుగా రాసి చెరి సగం మందికి పంపి ఏది గెలిచిందో చూడమంటారు. వేలల్లో ఖాతాదారులున్నవాళ్లకి అది చెల్లుతుంది. మీ వాట్సాప్ జాబితాలో రెండొందల మంది ఉంటే, ఒకటి 22 మంది చూసి ఇంకొకటి 25 మంది చూశారనుకోండి, ఆ ముగ్గురి తేడా దేనికీ సాక్ష్యం కాదు. మెయిల్ ఎంతమంది తెరిచారన్న లెక్కనూ పట్టుకుని వేలాడకండి. 2021లో ఆపిల్ ఫోన్లలో వచ్చిన మార్పు వల్ల, చూడని మెయిల్ కూడా చూసినట్టే లెక్కలోకి వచ్చేస్తోంది.

ఎవరూ చెప్పనివి కూడా ఉన్నాయి. "పక్క ఊళ్లకు విస్తరించండి" అని తేలిగ్గా రాసేస్తారు. బరంపురం నుంచి బస్సెక్కితే గంటలోపు ఇచ్ఛాపురం. కానీ అది వేరే రాష్ట్రం, ఆంధ్రప్రదేశ్. సొంత రాష్ట్రంలోనే ఆన్‌లైన్ సైట్ల ద్వారా వస్తువులు అమ్ముకునే చిన్న వ్యాపారులకు 2023 అక్టోబరు 1 నుంచి జీఎస్టీ రిజిస్ట్రేషన్‌లో సడలింపు ఉంది. అదే సైటు మీద ఇచ్ఛాపురానికి ఒక్క చీర పంపాలన్నా ఆ సడలింపు వర్తించదు. ఊరగాయ సీసా అయితే లేబుల్ మీద ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చే 14 అంకెల నంబరూ ఉండాలి. ప్రకటనకు డబ్బు పెట్టేముందు ఈ రెండూ ఎవరైనా అకౌంటెంటును అడిగి తేల్చుకోండి.

ఇక భాష. మన దగ్గర ఇంట్లో మాట తెలుగు, బడిలో దిద్దింది ఒడియా అక్షరాలు, ఫోన్‌లో టైపు చేసేది ఇంగ్లీషు అక్షరాల్లో. పోస్టు కింద మాట ఏ లిపిలో పెట్టాలో కాలిఫోర్నియావాడికేం తెలుస్తుంది? దీనికి నాకు తెలిసిన మంచి ఉపాయం రాయడం మానేసి గొంతుతో చెప్పడం. చీర చెంగు, కుంభం అంచు దగ్గరగా చూపిస్తూ నలభై సెకన్లు తెలుగులో ఒకసారి, ఒడియాలో ఒకసారి మాట్లాడి పెట్టేయండి.

ఎన్ని, ఏవి, ఎప్పటిదాకా

మొదట్లో మూడు మించొద్దు. చేరకముందే పాత సంచికలు రెండు మూడు చదవండి. పాతవి చూడనివ్వని న్యూస్‌లెటర్‌లో చేరకపోయినా కొంపేం మునగదు. రేపు కొట్టు తెరిచాక చేసి చూడగలిగే పని ఒక్కటైనా దొరికిందా, ఏ వ్యాపారానికి చేశారో చెప్పారా, ఫలించనిదాని గురించి కూడా రాశారా? ఇవి ఉంటే ఉంచండి. హ్యారీ డ్రై నడిపే మార్కెటింగ్ ఎగ్జాంపుల్స్ అనే న్యూస్‌లెటర్‌లో ఇంగ్లీషు తేలిక, బొమ్మలు ఎక్కువ, మొదటిదిగా అది బాగుంటుంది. గూగుల్ సెర్చ్‌లో మార్పుల గురించి గూగుల్ తానే సెర్చ్ సెంట్రల్ బ్లాగులో చెబుతుంది. బ్యారీ ష్వార్ట్జ్ 2003లో మొదలుపెట్టిన సెర్చ్ ఇంజిన్ రౌండ్‌టేబుల్ అనే సైటుకు మంచి పేరుంది గానీ, కొత్తవాళ్లకు నేను చెప్పను. రోజూ వచ్చే చిన్నాచితకా మార్పులు చదివితే లేనిపోని భయం పట్టుకుంటుంది.

వద్దనుకున్నది వదిలించుకోవడం ఇప్పుడు కష్టమేం కాదు. జీమెయిల్ ఖాతాలకు రోజుకు 5,000కు మించి ప్రచార మెయిళ్లు పంపేవాళ్లు ఒక్క నొక్కుతో చందా మానుకునే వీలు పెట్టాలని, రెండు రోజుల్లో పేరు తీసేయాలని 2024లో గూగుల్ నియమం పెట్టింది. కాబట్టి మీరు చేరిన వాటికి అన్‌సబ్‌స్క్రైబ్ నొక్కండి. ఎన్నడూ చేరనివాటికి మాత్రం లోపలి లింకులేవీ ముట్టుకోకుండా స్పామ్‌లో పడేయండి.

వీటిని చదవడానికి రథయాత్రకూ వినాయక చవితికీ మధ్య రోజులు సరిపోతాయి, అప్పుడు బేరాలూ పల్చగా ఉంటాయి. చవితి వెళ్లాక జీమెయిల్లో ఒక ఫిల్టర్ పెట్టి, ఈ మూడూ ఇన్‌బాక్స్‌లో కనబడకుండా నేరుగా ఒక లేబుల్ కిందికి వెళ్లేలా చేయండి. పెళ్లి ముహూర్తాలు అయ్యాక తీరిగ్గా తెరవండి. గడువు దాటిన ఆఫర్ల మెయిళ్లన్నీ చదవకుండానే చెరిపేయవచ్చు.