ఓటీ (ఆపరేషన్ థియేటర్) లిస్టు రోజూ తప్పుతోందా? సమస్య - పరిష్కారం

సమస్య: మొదటి ఆపరేషనే గంట ఆలస్యం.
సర్జన్ లేటుగా వచ్చారని అనేసుకోకండి. ముందు ప్రతి కేసుకీ ఐదు సమయాలు రాయించండి: రోగి థియేటర్లోకి వచ్చింది, మత్తు మొదలుపెట్టింది, కోత పెట్టింది, కుట్లు పూర్తయింది, రోగి బయటికి వెళ్లింది. రెండు వారాలు రాస్తే ఆలస్యం ఎక్కడ పుడుతోందో తెలిసిపోతుంది. చాలాసార్లు అది వార్డులోనే ఉంటుంది: సంతకం లేని అంగీకార పత్రం, చేతికి రాని రక్త పరీక్ష రిపోర్టు. ముందురోజు సాయంత్రమే ఇవి సరిచూసే పని ఒక నర్సుకు పేరు రాసి మరీ అప్పగించాలి.

సమస్య: లిస్టు రాత్రిదాకా సాగుతుంది.
అసలు చిక్కు అంచనాలోనే ఉంది. ఎంతసేపు పడుతుందని అడిగితే సర్జన్లు సాధారణంగా కోత నుంచి కుట్ల వరకే చెబుతారు. మత్తు ఇవ్వడం, రోగిని సరైన భంగిమలో పడుకోబెట్టడం, మెలకువ తెప్పించడం, గది శుభ్రం చేయడం అందులో ఉండవు. కాబట్టి అదే సర్జన్ చేసిన అదే ఆపరేషన్ల పాత రికార్డు చూసి సమయం కేటాయించండి. ఎంతసేపు పడుతుందో చెప్పలేని కేసును ముందు పెడితే దాని ఆలస్యం తర్వాతివాళ్లందరి మీదా పడుతుంది. వీలైతే వెనక్కి జరపండి. పసిపిల్లలు, షుగర్ ఉన్నవాళ్లు మాత్రం ముందే ఉండాలి. వాళ్లను ఎక్కువసేపు పస్తు ఉంచకూడదు.

సమస్య: ఒకే మత్తు డాక్టరు పేరు ఒకే సమయానికి రెండు గదుల్లో.
విభాగానికో లిస్టు రాసుకుంటే ఇంతే. డాక్టర్లు, టెక్నీషియన్లు, సీ-ఆర్మ్ (ఆపరేషన్ మధ్యలో ఎక్స్-రే చూపే యంత్రం), పరికరాల సెట్లు అన్నీ ఒకే లిస్టులో కనబడాలి. ఒకే సెట్టుతో వెంటవెంటనే రెండు కేసులు పెట్టకండి. పరికరాలను ఆవిరితో క్రిమిరహితం చేసే ఆటోక్లేవ్‌లో 134 డిగ్రీల దగ్గర ఉంచేది కొన్ని నిమిషాలే. కానీ కడగడం, ప్యాకింగ్, ఆరడం, చల్లారడం కలిపితే గంటలు పడుతుంది. రాత్రి డ్యూటీ చేసినవాళ్లను మర్నాటి లిస్టులో వేయకండి, అది రోగి ప్రాణానికే ప్రమాదం.

సమస్య: థియేటర్ ఖాళీ, ఐసీయూలో బెడ్ లేదు.
తర్వాత ఐసీయూ కావాల్సిన పెద్ద సర్జరీలన్నీ ఒకటి రెండు రోజుల్లోనే పెడుతున్నారేమో చూడండి. వారమంతా సర్దండి.

సమస్య: ఎమర్జెన్సీ వస్తే లిస్టంతా తారుమారు.
ఎమర్జెన్సీలు ఎక్కువైతే వాటికి విడిగా ఒక థియేటర్, తక్కువైతే రోజూ కొంత ఖాళీ సమయం ఉంచండి. లిస్టు మారిన వెంటనే వార్డుకు ఫోన్ చేయాలి. మామూలుగా మత్తుకు ముందు తేలికపాటి భోజనానికి 6 గంటలు, మంచినీళ్లకు 2 గంటల విరామం చాలు. ఆపరేషన్ మధ్యాహ్నానికి వాయిదా పడిన రోగికి నీళ్లివ్వచ్చా అని మత్తు డాక్టర్ని అప్పుడే అడిగి చెప్పండి.