వానలకు ముందు: పాత టేపులు, గ్రామఫోను రికార్డులు దాచుకున్నవారికి కొన్ని జాగ్రత్తలు

గత నెలలో కోస్తాలోని ఒక చిన్న గ్రంథాలయం నుంచి పన్నెండు స్పూలు టేపులు, అంటే క్యాసెట్టులో కాక విడి చక్రానికి చుట్టి ఉండేవి, నా దగ్గరికి వచ్చాయి. 1970ల చివర ఆ ఊళ్లో జరిగిన హరికథలను ఎవరో ఓపికగా రికార్డు చేసి, అట్టపెట్టెల మీద నీలి సిరాతో కథ పేరూ తేదీ రాసి, గ్రంథాలయానికి అప్పగించిన టేపులవి. నాకు పంపేముందు అక్కడివారు ఎక్కడినుంచో పాత టేప్‌రికార్డరు ఒకటి సంపాదించి, ఏముందో ఒకసారి పెట్టి చూద్దామనుకున్నారు. మొదటి టేపు ఏడెనిమిది నిమిషాలు బాగానే వినిపించిందట. ఆ తరువాత గొంతు మందగించి, కీచుమని అరిచి, టేపు హెడ్డుకు, అంటే టేపులోని శబ్దాన్ని చదివే భాగానికి, అతుక్కుని ఆగిపోయింది. హెడ్డు మీద గోధుమరంగు జిగురు పేరుకుని ఉంది. ఆ జిగురే హరికథ అని వారికి తెలియక, యంత్రమే చెడిపోయిందనుకుని, దాన్ని తుడవకుండానే రెండో టేపూ మూడో టేపూ పెట్టారు. ఆ మూడూ పోయాయి. మిగిలిన తొమ్మిదీ, ఎవరూ పెట్టి చూడకపోవడం వల్లనే, ఇప్పుడు కంప్యూటరులో భద్రంగా ఉన్నాయి.

దుమ్ము దులపాలి, ఎండ తగలనీయకూడదు వంటివి అందరికీ తెలుసు కనుక వాటి జోలికి పోను. ఇన్నేళ్లలో చెదల వల్ల పోయిన టేపులను చూశాను, వరదలో పోయినవాటిని చూశాను, దొంగలెత్తుకుపోయిన గ్రామఫోను పెట్టెల గురించి విన్నాను. ఇవన్నీ కలిపినా, "ఏముందో ఒకసారి పెట్టి చూద్దాం" అన్న ఒక్క మాట వల్ల పోయినన్ని ఉండవు. పెట్టి చూసేవారు అజాగ్రత్తపరులు కారు, నిజానికి ఆ టేపుల మీద అందరికన్నా ఎక్కువ ప్రేమ ఉన్నవారే ఆ పని చేస్తారు.

అలా ఎందుకు పెట్టకూడదో తెలియాలంటే టేపు ఎలా తయారవుతుందో కొంచెం తెలియాలి. పలుచని ప్లాస్టిక్ పట్టీ మీద ఇనుప ఆక్సైడు పొడిని ఒక జిగురుతో పట్టించి ఉంచుతారు. శబ్దం నిలిచేది ఆ పొడిలోనే. 1970లు, 80లలో వచ్చిన అనేక స్పూలు టేపుల్లో వాడిన పాలియూరిథేన్ జిగురు గాలిలోని తేమను ఏళ్ల తరబడి పీల్చుకుని విచ్ఛిన్నమవుతుంది, పైకి మాత్రం టేపు కొత్తదానిలాగే నిగనిగలాడుతుంది. అటువంటి టేపు యంత్రంలో తిరిగితే పొడి జిగురుతో సహా ఊడి హెడ్డుకు అంటుకుంటుంది. ఊడినదాన్ని తిరిగి అతికించే విద్య ఎవరి దగ్గరా లేదు. ఊడకముందైతే వైద్యం ఉంది: టేపును యాభై డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో, కొన్ని గంటలపాటు, ఉష్ణోగ్రత కచ్చితంగా నిలిచే ప్రయోగశాల ఓవెన్‌లో ఉంచితే జిగురు కొన్ని వారాలపాటు గట్టిపడుతుంది, ఆ వ్యవధిలో రికార్డు చేసుకోవచ్చు. అయితే ఇది పాలియెస్టర్ పట్టీ ఉన్న టేపులకే పనికొస్తుంది. అంతకు ముందుతరం అసిటేట్ టేపును వేడిచేస్తే అది ముడుచుకుని నాశనమవుతుంది. వంటింటి ఓవెన్‌లో ఏ టేపునూ పెట్టకండి.

పెట్టి చూడకుండా తెలుసుకోగలిగినవి చాలానే ఉన్నాయి. స్పూలును కిటికీ వెలుతురుకు అడ్డంగా పట్టుకుని పక్కనుంచి చూడండి. చుట్టలోంచి వెలుతురు కనబడితే అది అసిటేట్, నల్లగా అడ్డుపడితే పాలియెస్టర్ అనుకోవచ్చు. పెట్టె మూత తీయగానే వెనిగర్ వంటి పుల్లటి వాసన వస్తే అసిటేట్ కుళ్లడం మొదలైందని అర్థం. ఆ పెట్టెను వెంటనే మిగతావాటి నుంచి వేరుచేయాలి, ఎందుకంటే ఆ ఆవిరి పక్కవాటినీ పాడుచేస్తుంది. చుట్ట అంచున తెల్లటి నూగు ఉంటే అది బూజు. బూజు పట్టిన టేపును ఒక్కసారి తిప్పితే యంత్రం లోపలంతా బూజు చేరి, ఆ తరువాత పెట్టిన ప్రతి టేపుకూ అంటుతుంది. మీ ఊపిరితిత్తులకూ అది మంచిది కాదు కనుక మాస్కు లేకుండా ఆ పెట్టె తెరవకండి.

గ్రామఫోను రికార్డుల సంగతి కొంత వేరు. కలకత్తాలో 1908లో గ్రామఫోన్ కంపెనీ ఫ్యాక్టరీ మొదలైనప్పటి నుంచి 1950ల దాకా మన ఇళ్లలోకి వచ్చిన 78 స్పీడు ప్లేట్లు, వాటిలోని నాటక పద్యాలతో సహా, దాదాపు అన్నీ లక్కతో చేసినవే. లక్క స్పిరిట్‌లో కరిగిపోతుంది. టేప్‌రికార్డరు హెడ్డును స్పిరిట్‌తో తుడిచే అలవాటున్న చెయ్యి అదే గుడ్డతో ప్లేటునూ తుడుస్తుంది, దాంతో గాడి కరిగి పాట చెరిగిపోతుంది. డిస్టిల్డ్ వాటరు, అందులో ఒకటి రెండు చుక్కల సాధారణ సబ్బుద్రవం, మెత్తని బ్రష్షు, ఇవి చాలు. బ్రష్షును గాడి వెంబడే నడిపించాలి, మధ్యనున్న కాగితం తడవకూడదు. ఇక ఇక్కడ కూడా అదే తప్పు: అటక మీద దొరికిన ప్లేటును, పక్కనే దొరికిన కీ ఇచ్చే గ్రామఫోను మీద, అదే తుప్పు పట్టిన ఉక్కు ముల్లుతో పెట్టి చూడటం. ముల్లు బిగించి ఉండే ఆ పాత సౌండుబాక్సు వంద గ్రాములకు పైగా బరువుతో గాడిని తొక్కుతుంది, గాడిలోని ఇసుక దానికి ఆకురాయిలా తోడవుతుంది. ఎల్‌పీ రికార్డుల ముల్లు కూడా వీటికి పనికిరాదు. అది మరీ సన్ననిది కనుక గాడి అడుగున ఉన్న మురికిలో పడి దొర్లుతుంది.

గది విషయంలో పుస్తకాలు 18 నుంచి 20 డిగ్రీల చల్లదనం, 30 నుంచి 40 శాతం తేమ అని రాస్తాయి. కాకినాడలోనో మచిలీపట్నంలోనో ఆగస్టు నెలలో ఆ అంకెలు సాధించగలిగే గ్రంథాలయం ఉంటే సంతోషమే. మిగిలినవారు తేమ 55 శాతం దాటకుండా, రోజంతా ఒకే తీరులో ఉండేలా చూసుకుంటే చాలా మేలు. పగలు ఏసీ వేసి, సాయంత్రం ఐదింటికి కట్టేసి తాళం వేసుకుని పోయే పద్ధతి ఏసీ లేకపోవడం కన్నా హానికరం, ఎందుకంటే రాత్రి లోపలికి చేరే వేడి తేమగాలి చల్లబడిన టేపుల మీద నీరై దిగుతుంది. ఏసీ గదిలోంచి తీసిన పెట్టెను బయట వెంటనే తెరవకుండా, మూసిన ప్లాస్టిక్ సంచిలో ఒక రోజు ఉంచాలి. బీరువా అడుగు అర ఖాళీగా వదలండి. కలరా ఉండలు వేయకండి.

తడిసినవాటి గురించి ఒక అనుభవం చెబుతాను. 2024 సెప్టెంబరు మొదటివారంలో బుడమేరు వరద విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు, నీరు దిగిన రెండోరోజు ఒకావిడ ఫోను చేశారు. "మా అమ్మ పాడిన మంగళహారతులూ పెళ్లిపాటలూ అండీ, ఇరవై క్యాసెట్లు. ఎండలో ఆరబెట్టి ఒకసారి పెట్టి చూడమంటారా?" అన్నారు. ఎండలోనూ పెట్టవద్దు, యంత్రంలోనూ పెట్టవద్దు, శుభ్రమైన చల్లని నీళ్ల బకెట్టులో ఉంచి తీసుకురండి అన్నాను. నీళ్లలో తడిసినదాన్ని మళ్లీ నీళ్లలో ఉంచమంటారేమిటని ఆవిడ అనుమానపడ్డారు. బురదనీరు టేపు పొరల మధ్య ఆరితే మట్టి సిమెంటులా పట్టుకుంటుంది, సగం తడిగా గాలిలో వదిలేస్తే రెండు మూడు రోజుల్లో బూజు మొదలవుతుంది. శుభ్రమైన నీటిలో ఉంటే ఈ రెండింటినీ కొంతసేపు ఆపవచ్చు. క్యాసెట్టు పైడొల్ల మూలల్లోనూ మధ్యలోనూ ఉన్న ఐదు మరలు విప్పితే, లోపల పారదర్శకమైన కిటికీ సగం ఎత్తున బురద గీత గీసినట్టు కనబడింది. డిస్టిల్డ్ వాటరుతో కడిగి, వేడి తగలకుండా గదిలోనే ఆరనిచ్చి, కొత్త డొల్లల్లోకి మార్చి రికార్డు చేస్తే పద్దెనిమిది క్యాసెట్లు పలికాయి. టేపులను ఫ్రీజరులో పెట్టకండి, హెయిర్‌డ్రయ్యరు చూపకండి. అల్యూమినియం రేకు మీద లక్కరు పూసిన డిస్కులు ఉంటే మాత్రం వాటిని నీటిలో నానబెట్టకూడదు, ముందుగా వాటినే తీసి ఆరబెట్టాలి. పూత పొరలుపొరలుగా లేచిపోయేది వాటిలోనే.

కంప్యూటరులోకి ఎక్కించడంలో సూత్రం ఒకటే: టేపు తిరిగే మొదటిసారే రికార్డు జరుగుతూ ఉండాలి. వినడానికి ఒకసారి, రికార్డు చేయడానికి ఒకసారి అని రెండుసార్లు తిప్పే ఆలోచనే వద్దు, రెండోసారి ఉంటుందన్న భరోసా లేదు. యంత్రాన్ని పరీక్షించడానికి పోయినా బాధలేని సినిమా పాటల క్యాసెట్టు వాడండి. ఆ తరువాత అసలు టేపు పెట్టినప్పుడు హెడ్డు కోణాన్ని ఆ టేపుకు తగినట్టు సరిచేయాలి, లేకపోతే సకారాలూ తాళాల మోతా మొద్దుబారిపోతాయి. మూలప్రతిని 96 కిలోహెర్ట్జ్, 24 బిట్ల వేవ్ ఫైలుగా భద్రపరచాలి. స్టీరియోలో గంటకు సుమారు రెండు గిగాబైట్లు, అంటే ఒక టెరాబైటు డిస్కులో దాదాపు 480 గంటలు పడతాయి, కనుక చోటు చాలదనే సాకు ఇప్పుడు చెల్లదు. మూలప్రతిలో రొద తగ్గించే సాఫ్ట్‌వేరు ఎట్టిపరిస్థితుల్లోనూ వాడకూడదు. ఒక హరికథ ఫైలును ఎవరో అలా "శుభ్రం" చేసి పంపితే విన్నాను. ఆ సాఫ్ట్‌వేరు చిడతల చప్పుడును టేపు చిటపట అనుకుని ఏరిపారేసింది, దాసుగారు చేతులు కట్టుకుని కథ చెప్పినట్టు ఉంది. చక్కదిద్దే పనులన్నీ నకలు మీదనే చేసుకోవాలి.

యునెస్కో, అంతర్జాతీయ ధ్వని భాండాగారాల సంఘం కలిసి 2019లో చేపట్టిన మాగ్నెటిక్ టేప్ అలర్ట్ హెచ్చరిక ప్రకారం, 2025 ప్రాంతానికే టేపులను మామూలుగా నడిపించగల యంత్రాలు, విడిభాగాలు, వాటిని బాగుచేసే చేతులు కరువవుతాయి. ఆ గడువు వచ్చేసింది. ఈ తొందరలోనే దొరికిన యంత్రంలో పెట్టి చూడాలన్న ఆత్రం ఇంకా పెరుగుతుంది. 1982లో మొదలై ఇప్పుడు గురుగ్రామ్‌లో ఉన్న అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియన్ స్టడీస్ వారి సంగీత భాండాగారం వంటిచోట్ల ఈ పని తెలిసినవారు ఉన్నారు, ముందు అడగండి.

ఇక వరుసగా చెబుతాను.

– క్యాసెట్టు చేతికి రాగానే, మరే పనీ చేయకముందు, పైనున్న రెండు చిన్న ప్లాస్టిక్ నాలుకలను విరిచేయండి. అవి ఉంటే, పొరపాటున రికార్డు మీట నొక్కినప్పుడు పాత గొంతు పోతుంది.

– పెట్టెను, రాతను, లేబులును, ప్లేటు మధ్య చెక్కిన అంకెలను ఫొటో తీయండి. పెట్టె చిరిగిందని పారేయకండి.

– హెడ్డును ప్రతి టేపుకూ తుడవండి.

– వేగంగా ముందుకు, వెనక్కి తిప్పకండి. టేపు చివరిదాకా ఆడాక ఆ కొస పైకి ఉండగానే దాచండి.

– సీ-120 క్యాసెట్టు టేపు మందం తొమ్మిది మైక్రాన్లే, అది ఇట్టే సాగిపోతుంది. దాన్ని నేర్చుకునేవారి చేతికి ఇవ్వకండి.

– ప్లేట్లను ఒకదాని మీద ఒకటి పేర్చకండి, నిలువుగా నిలబెట్టండి.

– స్పీకర్ల మీద టేపులు పెట్టకండి.

– సీడీలో రాసి భద్రమైందనుకోకండి. మూడు ప్రతులు ఉంచండి, ఒకటి వేరే ఊళ్లో ఉండాలి.

– కంప్యూటరులోకి ఎక్కింది కదా అని అసలు టేపును పారేయకండి.

– అధికారులు వచ్చారని, విలేకరి వచ్చారని, దాత మనవడు అమెరికా నుంచి వచ్చాడని పెట్టి చూపించకండి.

– మీరే ఒంటరిగా ఉన్నప్పుడు కూడా పెట్టి చూడకండి.

– గ్రంథాలయంలో ఉన్న టేప్‌రికార్డరు ప్లగ్గు పీకి, అలమరలో పెట్టి తాళం వేసి, ఈ వానాకాలం గడిచేదాకా ఆ తాళంచెవిని పాత పాటలంటే ఆసక్తి లేని మనిషికి ఇవ్వండి.