రోడ్ బైకు బ్రేకు పట్టడం లేదా? రబ్బర్లు కొనే ముందు ఔటర్ (వైరు పైతొడుగు) చూడండి

సైకిలు చక్రపు రిమ్మును రబ్బర్లతో పట్టి ఆపే రిమ్ బ్రేకు పట్టు తగ్గిందనగానే చాలామంది కొత్త రబ్బర్లు కొనేస్తారు. ముందు కాలిపర్ (రబ్బర్లను పట్టుకునే చేతుల జత) పక్కన, చక్రం తీయడానికి బ్రేకును వదులు చేసే చిన్న క్విక్ రిలీజ్ మీట చూడండి. పంక్చర్ కోసం చక్రం తీసి, మళ్లీ ఎక్కించాక దాన్ని మూయడం మరిచిపోయి వచ్చే బళ్లకు లెక్కే లేదు. కాంపాగ్నోలో కంపెనీ బ్రేకు సెట్లలో అది కాలిపర్ మీద కాకుండా చేత్తో నొక్కే లివర్ దగ్గర బొడిపెలా ఉంటుంది.

మీట మూసే ఉందా? అయితే లివర్ నొక్కి చూడండి. చేతికి తెలిసేదాన్ని బట్టి దారి రెండుగా చీలుతుంది.

లివర్ గట్టిగా ఉంది, బండి మాత్రం ఆగదు

రిమ్ముకు నూనె అంటింది, లేదా రబ్బరు గట్టిపడింది. చైనుకు స్ప్రే కొట్టినప్పుడు ఎగిరిన తుంపర చాలు, టైరు పాలిష్ అయితే ఇంకా ఘోరం. గుడ్డకు నలుపు అంటడం ఆగేదాకా రిమ్మును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. రబ్బరు ముఖం మెరుస్తుంటే గరుకు కాగితం మీద రుద్దండి, అందులో దిగిన అల్యూమినియం రవ్వల్ని సూదితో పీకెయ్యండి. రబ్బరు మీది గాడులు అరిగిపోయి ఉంటే మాత్రం కొత్తవి వేయాల్సిందే.

లివర్ స్పాంజిలా హ్యాండిల్ దాకా వచ్చేస్తుంది

అసలు దొంగ ఇక్కడుంటాడు. రబ్బర్లు రిమ్ముకు తగిలాక కూడా లివర్ ఇంకా లోపలికి పోతోందంటే, మీ బలం ఔటర్‌ను నలపడానికి ఖర్చవుతోంది. బ్రేకు ఔటర్ లోపల స్ప్రింగులా చుట్టిన ఉక్కు తీగ ఉంటుంది. కొస ఏటవాలుగా తెగితే, దానికి తొడిగే టోపీలో ఒక్క అంచే ఆనుతుంది. నొక్కినప్పుడల్లా అది పక్కకు ఒరిగి, వదిలితే మళ్లీ లేస్తుంది. బ్యారెల్ అడ్జస్టర్ (వైరు బిగువు సరిచేసే మర) తిప్పితే లివర్ పైకొస్తుంది కాబట్టి పని అయిపోయిందనుకుంటారు. స్పాంజితనం మాత్రం అలాగే ఉంటుంది.

ఒకరిని లివర్ గట్టిగా పట్టమని, మీరు ఔటర్ కొసలన్నీ చూడండి: కాలిపర్ దగ్గర, ఔటర్ ఆగే ఫ్రేము స్టాపుల దగ్గర. ఏదైనా ఒరిగినా, కదిలినా దొరికినట్టే. తర్వాత కాలిపర్ దగ్గర వైరు పట్టే బోల్టు వదులు చేసి, ఔటర్ లోపలి వైరును (ఇన్నర్ వైరు) చేత్తో అటూ ఇటూ లాగండి. గరగరలాడితే లోపల తుప్పు పట్టింది. వెనక బ్రేకులో టాప్ ట్యూబ్ (ఫ్రేము పై గొట్టం) వెంబడి వెళ్లే ఔటర్‌లోకి చెమట, వాన నీళ్లు చేరతాయి. హ్యాండిల్ టేపు కింద, లివర్ నుంచి బయటికొచ్చే వంపు దగ్గర నలిగినా బయటికి కనపడదు, టేపు విప్పాల్సిందే.

మార్చేటప్పుడు 5 ఎం.ఎం. బ్రేకు ఔటరే వాడండి. గేరు ఔటర్‌లో తీగలు నిలువుగా ఉంటాయి, బ్రేకు బలానికి చీలి బయటికొస్తే మీకు బ్రేకే ఉండదు. కటింగ్ ప్లయర్ నొక్కేస్తుంది, కేబుల్ కట్టరే కావాలి. కోశాక కొసను ఆకురాయితో చదునుగా అరగదీసి, లోపలి ప్లాస్టిక్ గొట్టం నోరు సూదితో తెరవండి. ఇదొక్కటే అందరూ వదిలేసే మెట్టు. హ్యాండిల్ రెండు వైపులా పూర్తిగా తిప్పినా ఔటర్ లాగకూడదు, అంతకు మించి పొడుగూ వద్దు. డ్రాప్ హ్యాండిల్ లివర్‌కు ఇన్నర్ వైరు తల బేరికాయ ఆకారంలో ఉండాలి.

బ్యారెల్‌ను పూర్తిగా బిగించి ఒక చుట్టు వెనక్కి తిప్పండి. రబ్బరుకూ రిమ్ముకూ ఒక్కో వైపు 1.5–2 ఎం.ఎం. ఖాళీ ఉంచి, వైరు లాగి, బోల్టు 6–8 న్యూటన్ మీటర్లు బిగించండి. లివర్‌ను పదిసార్లు బలంగా నొక్కితే కొసలన్నీ సర్దుకుని వైరు వదులవుతుంది. అప్పుడు మళ్లీ లాగి బిగించాలి.

అరుదైనవి: ఫ్లాట్ హ్యాండిల్‌కు మార్చి వీ-బ్రేకు (పొడుగు చేతుల వేరే రకం రిమ్ బ్రేకు) లివర్ పెడితే రోడ్ కాలిపర్‌కు బలం చాలదు, సరిపడే లివర్ వేయండి. ఉక్కు రిమ్ములు వానలో పట్టవు, వాటితో పోరాటం దండగ.

అంతా అయ్యాక బండి పక్కన నిలబడి, ముందు బ్రేకు పట్టి ముందుకు తోయండి. వెనక చక్రం నేల విడిచి లేవాలి.